గుమ్మం అవతల నిలబడి పొయ్యి బాగుచేసిన మనిషి

దేవసహాయం మేస్త్రిగారు ఇక లేరు. ఈ దుర్వార్త నాకు తెలిసిన తీరు చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. మొన్న మంగళవారం మా వంటింట్లో కరెంటు పొయ్యి ఉన్నట్టుండి చల్లబడింది. కాసేపటికి తనంతట తానే ఎర్రబడింది. మళ్లీ చల్లబడింది. అలవాటు చొప్పున జీతగాడు కోటయ్యను పిలిచి, మేస్త్రికి కబురు చెప్పి రమ్మన్నాను. అరగంటలో కోటయ్య తిరిగొచ్చి పెరట్లో తలవంచుకుని నిలబడ్డాడు. "మేస్త్రి పోయి తొమ్మిది దినాలయిందంటమ్మా" అన్నాడు.

తొమ్మిది దినాలు! ఆ తొమ్మిది దినాలూ ఆయన లాగిన తీగల వెలుగులోనే మేం అన్నాలు తిన్నాం, మా మామగారు కోర్టు కాగితాలు చదువుకున్నారు. ఊళ్లో సగం ఇళ్లకు వెలుగు తెచ్చిన మనిషి అస్తమిస్తే, పొయ్యి చెడితే తప్ప మాకు తెలియలేదు. ఆ రోజు కట్టెల పొయ్యి మీద వంట చేస్తూ పొగ వంక పెట్టుకుని ఏడ్చాను.

ఒక ప్లీడరుగారి కోడలు కరెంటు మేస్త్రి మీద సంస్మరణ వ్యాసం రాయడం ఏమిటని మా ఇంట్లోనే కొందరికి ఆశ్చర్యం. ఆయన, గారు అని రాస్తున్నందుకు మరికొందరికి కోపం. వాళ్లు వాడు అనే అంటారు, బతికున్నన్నాళ్లూ అలాగే అన్నారు. నేను మాత్రం ఈ కాగితం మీదైనా అలా అనను. ఈ ఇంట్లో నేనింకా కోడలిగా నిలబడి ఉన్నానంటే అది ఆ మహనీయుని చలవే. ఆ సంగతి పేటలో తెలిసినవాళ్లు కొద్దిమందే. తక్కినవాళ్లకూ తెలియాలి.

వారిది నాదెండ్ల. కూలినాలి చేసుకునే క్రైస్తవ కుటుంబం. మిషను బడిలో అయిదో తరగతి దాకా చదివి, యుద్ధకాలంలో పటాలంలో చేరి, అక్కడ వైరింగు పని నేర్చుకున్నారు. తిరిగొచ్చాక మా నరసరావుపేటలో పత్తి నుంచి దూది తీసే ఒక జిన్నింగు మిల్లులో వైర్‌మానుగా కుదిరారు. రోజూ పొద్దున మిల్లు, అది వదిలాక ఇళ్లలో పని. పొడుగ్గా, నల్లగా, బక్కపలచగా ఉండేవారు. ఒంటి మీద పటాలం నాటి ఖాకీ చొక్కా, చంకలో జానెడు వెడల్పు మామిడి చెక్క. ఆ చెక్క కథ చెప్పాలి. మా వీధి మొదట్లోనే ఆయన చెప్పులు విప్పేయాల్సి వచ్చేది. కరెంటు పని చేసే మనిషి ఉత్త కాళ్లతో నేల మీద నిలబడకూడదు. అందుకని ఆ చెక్కను వెంట తెచ్చుకునేవారు. ఎక్కడ పనుంటే అక్కడ వేసుకుని దాని మీద నిలబడేవారు. "మర్యాదకి చెప్పులిడిచా, పాణానికి చెక్క తెచ్చుకున్నా" అని నవ్వేవారు. మేమూ నవ్వేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు.

వంటింటి గుమ్మం దాటే వీలు ఆయనకు మా ఇంట్లోనే కాదు, చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ లేదు. మరి లోపలి వస్తువు చెడితే ఏం చేసేవారు? చెక్క మీద నిలబడి ప్రశ్నలు వేసేవారు. "పనిజేసేది ఎప్పుడో చెప్పండమ్మా, చెయ్యంది ఎప్పుడో నేను కనుక్కుంటా" అనేది ఆయన మొదటి మాట. ఎప్పుడు ఆగుతుంది, ఆగినప్పుడు పక్కన ఇంకేం నడుస్తోంది, తిరిగి వెలిగినప్పుడు ఎవరైనా ముట్టుకున్నారా, వానా, ఎండా, పొద్దునా, మాపా. లోపల ఆడవాళ్లు జవాబు చెబుతుంటే కళ్లు మూసుకుని వినేవారు. ఆ తర్వాత మెయిను ఆపించి, వాళ్ల చేతుల్తోనే మరమేకు విప్పించి, తీగ బిగింపజేసేవారు. ఆ విధంగా మా వీధిలో అక్షరం రాని ముసలమ్మలకు సైతం ఫ్యూజు వేయడం వచ్చింది. ఆయన చేతులు కట్టేశాం కాబట్టి మా చేతులకు పని నేర్పారు.

మా వీధి చివర పెన్షను తహశీల్దారుగారింట్లో ప్రతి మధ్యాహ్నం దీపాల ఫ్యూజు పోయేది. సాయంత్రానికి కొత్తది వేస్తే బాగానే ఉండేది. ఆయన వీధిలోనే నిలబడి, "మధ్యాన్నం పూట మీ ఇంట్లో ఏం జరుగుద్దయ్యా?" అని అడిగారు. ఏమీ జరగదు, పడుకుంటాం అన్నారు తహశీల్దారుగారు. "మీరు పడుకుంటే ఎవరు మేలుకుంటారు?" అన్నారు ఈయన. మేలుకునేది పనిమనిషి. పెరటి గోడ వెంట పోయే తీగ మీద తడి బట్టలు ఆరేస్తోంది. ఆ మనిషిని తహశీల్దారుగారు తిట్టబోతే, "ఆమెకెవురు చెప్పారయ్యా, అది దండెం గాదని?" అని అడ్డుపడ్డారట. తప్పు దొరికిన చోట మనిషిని పట్టుకునే అలవాటు ఆయనకు లేదు.

ఇక నా సంగతి. మాది మాచర్ల. పదిహేడో ఏట రైలెక్కి ఈ ఇంటికి కాపురానికి వచ్చాను. మరుసటి ఏడే మా మామగారు మద్రాసు నుంచి కరెంటు పొయ్యి తెచ్చారు. ఇనుప చట్రం, నడుమ మట్టి పలక, పలక గాడుల్లో చుట్టలు చుట్టిన తీగ. స్విచ్చి వేస్తే తీగ ఎర్రబడుతుంది. పేటలో అలాంటిది మా ఇంట్లోనే మొదలు. చూడడానికి కోర్టు గుమాస్తాలు కుటుంబాలతో వచ్చారు. మా అత్తగారికి దాని మీద భయమూ ఉండేది, భక్తీ ఉండేది.

అది వచ్చిన మూడు వారాలకు నాకు మొదటిసారి తగిలింది. పొద్దున్నే స్నానం చేసి, తడి చీరతోనే మడి కట్టుకుని, నాపరాళ్ల నేల మీద గొంతుక్కూచుని, పొయ్యి మీది ఇత్తడి గిన్నె సర్దబోయాను. భుజం దాకా ఎవరో పట్టి గుంజినట్టయింది. కేక పెట్టి వెనక్కి పడ్డాను. అత్తగారు వచ్చి, పీట వాల్చుకుని కూచుని, గిన్నె పట్టుకుని చూశారు. ఏమీ లేదు. "కల గన్నావుటే?" అన్నారు. మర్నాడు నాకూ ఏమీ లేదు. ఆ మర్నాడూ లేదు. నాలుగో రోజున మళ్లీ పడ్డాను.

మా వారు దేవసహాయంగారికి కబురు పెట్టారు. అప్పటికి ఆయన నాకు కొత్త. మేస్త్రి లోపలికి రాకూడదు కాబట్టి పొయ్యినే వీధి అరుగు మీదికి మోసుకెళ్లారు. అరుగు మీద అది అరగంట సేపు నిక్షేపంగా కాలింది. ఆయన చట్రం మీద వేలి వెనక భాగం ఆనించి చూసి, ఇప్పుడేమీ లేదన్నారు. పది రోజుల తర్వాత మళ్లీ పిలిచారు, మళ్లీ అరుగే, మళ్లీ నిక్షేపమే. ఆ రెండోసారి ఆయన వెళ్తూ మామగారితో, "అమ్మాయిగారు అబద్ధం చెప్పటంలేదు పంతులుగారూ, నాకే అందటంలా" అన్నారు. ఆ మాట లోపల నాకు వినిపించింది. ఆ మాట పట్టుకునే తర్వాతి నెలంతా బతికాను.

ఎందుకంటే ఇంట్లో అప్పటికే ఇంకో లెక్క మొదలైంది. నేను పడే రోజులు మంగళవారం, శుక్రవారం. వేరే రోజున పడను. ఆ మాట మొదట అన్నది ఎదురింటి పిన్నిగారు. మంగళ శుక్రవారాలు కేక పెట్టి పడిపోయే పిల్లకు ఏమై ఉంటుందో మా వైపు వేరే చెప్పనక్కర్లేదు. గాలి సోకిందన్నారు. మాచర్ల నుంచి వెంటబెట్టుకొచ్చిందన్నారు. గురజాల అవతల నుంచి ఒక భూతవైద్యుణ్ణి పిలిపించారు. వేపమండలతో కొడుతూ, నువ్వెవరో పేరు చెప్పమన్నాడు. నా పేరే చెప్పాను. మళ్లీ కొట్టాడు. మా వారు వరండాలో నిలబడి గోడ వైపు చూస్తున్నారు. ఆ చూపు నాకు ఇప్పటికీ జ్ఞాపకమే, ఆయన ఈ వ్యాసం చదువుతారని తెలిసే రాస్తున్నాను.

చివరికి మా అన్నయ్యకు ఉత్తరం రాశారు, వచ్చి తీసుకుపొమ్మని. నయమయ్యాక చూద్దామన్నారు గాని, నయమయ్యే జబ్బు కాదని అందరి నమ్మకం. మా వారికి రెండో సంబంధం మాట నా చెవిన పడేలాగే మాట్లాడుకున్నారు. నాకే అనుమానం పుట్టింది, నిజంగానే నాలో ఏదో ఉందేమోనని. అంతకన్నా నరకం నేనెరగను.

అన్నయ్య వచ్చే ముందు రోజు, బుధవారం, దేవసహాయంగారు పిలవకుండానే వచ్చారు. మామగారితో అన్నారు: "ఆ పొయ్యి నా నిద్దర చెడగొడతంది పంతులుగారూ. ఒక్కసారి అది ఉండే చోటునే అడిగి చూస్తా. లోపలికి రాను." పెరటి గుమ్మం అవతల చెక్క వేసుకుని నిలబడి, అత్తగారిని అడిగారు.

"పొద్దున పొయ్యి ఎలిగించే ముందు ఏమేం చేస్తారమ్మా? ఒకటి గూడా ఇడిచిపెట్టకుండా చెప్పండి."

"ఏముందిరా, అందరం చేసేదే. స్నానం, మడి, వంట."

"రోజూ ఒకటేనా?"

"రోజూ ఒకటే."

నేను తలుపు వెనక ఉన్నాను. ఆ ఇంట్లో కోడళ్లు పరాయి మగవాడితో మాట్లాడరు. వచ్చిన నాటి నుంచి నేను మాట్లాడలేదు. కానీ మర్నాడు నన్ను రైలెక్కిస్తారు, ఇక పోయేదేముంది? "రోజూ ఒకటి కాదు" అన్నాను పైకే. "మంగళవారం, శుక్రవారం పొయ్యి అలుకుతాం."

అత్తగారు గిరుక్కున తిరిగారు. "ఏమే! నిన్నెవరడిగారు? పొయ్యి అలక్కుండా వంటెట్టా చేస్తారు?"

అవును మరి. తాతముత్తాతల నాటి నుంచి ఆ రెండు రోజులూ పొయ్యిని అలికి, ముగ్గుపెట్టి, పసుపు బొట్టు పెట్టిన తర్వాతనే నిప్పు రాజేస్తాం. కరెంటు పొయ్యి మాత్రం పొయ్యి కాదా? ఎర్రమన్ను నీళ్లలో కలిపి, గుడ్డ ముంచి చట్రమంతా పూసేవాళ్లం. నాలుగు మూలలా బొట్లు. ఆ నీళ్లు పలక పగుళ్లలోకి ఇంకేవి. ఊపిరి పీల్చినంత సహజంగా చేసే పని కాబట్టి ఒక్కరికీ అది చెప్పాలని తోచలేదు, నాకూ తోచలేదు, ఆ రోజు దాకా.

గుమ్మం అవతల దేవసహాయంగారు కాసేపు కళ్లు మూసుకున్నారు. తెరిచి, మామగారితో అన్నారు: "అమ్మాయిగారిని రేపు పంపబాకండి. శుక్రవారం పొద్దున ఒక్కటి చూసి పంపండి. మీ కాళ్లు పట్టుకుంటా." అన్నయ్య గురువారం వచ్చి మా ఇంట్లోనే ఆగాడు.

శుక్రవారం అత్తగారే స్వయంగా పొయ్యి అలికారు. దేవసహాయంగారు బావి దగ్గర తడి మట్టిలో ఇనుప కడ్డీ దిగ్గొట్టి, దానికి కట్టిన తీగను గుమ్మం దాకా తెచ్చి, ఒక బల్బుకు కలిపారు. బల్బునూ, దాని రెండో తీగనూ గడప మీద పెట్టారు. అందరూ వచ్చి నిలబడ్డారు.

"అమ్మాయిగారే పట్టుకోవాల" అన్నారు. "ముందు పొడి చీర కట్టుకుని, చేతులు పొడిగా తుడుచుకో తల్లా. అత్తగారి పీట నీ కింద ఏసుకో."

పీట అత్తగారిది. దాని మీద ఇంకెవరూ కూచోరు. ఆమె ఒక్క క్షణం ఆగి, కాలితో నా వైపు జరిపారు. పీటెక్కి కూచుని, ఆయన చెప్పినట్టు తీగ కొసను చట్రానికి ఆనించాను. స్విచ్చి వేశారు.

గడప మీది బల్బులో సన్నగా, ఎర్రగా, తీగ వెలిగింది. చట్రంలోకి వచ్చిన కరెంటు అది. మంగళ శుక్రవారాలు నా భుజంలోంచి పోయింది అదే. పది నిమిషాలకు, పలకలో తడి ఆరేకొద్దీ, ఆ ఎరుపు తగ్గి తగ్గి ఆరిపోయింది. అందుకే వెనకాల వచ్చి ముట్టుకున్న అత్తగారికి తగల్లేదు. అందుకే ఎండలో అరుగు మీద దొరకలేదు.

"అదేనమ్మా మీ దయ్యం" అన్నారు దేవసహాయంగారు. "తడి ఆరితే పోద్ది. అమ్మాయిగారు తడి చీరతో తడి రాయి మీద కూచుంటది, ఆమెకి కొడతది. మీరు చెక్క పీట మీద కూచుంటారు, మీకు కొట్టదు."

అత్తగారి ముఖం చూడలేకపోయాను. తప్పు ఆమె చేతి గుడ్డది. దెబ్బలు నావి. ఆయన అది గ్రహించే అన్నారు కాబోలు: "అలకటం మానమని నేను చెప్పనమ్మా. పొయ్యి కింద రాయి ఉంది గదా, అది అలకండి, బొట్టు దానికి పెట్టండి. దీన్ని పొడి గుడ్డతో తుడిస్తే చాలు." అత్తగారు తలూపారు. ఇవాళ్టికీ మా ఇంట్లో అలాగే జరుగుతోంది. ఆ కడ్డీకి, చట్రానికి ఆయన శాశ్వతంగా తీగ కలిపి వెళ్లారు.

ఆ పూట అత్తగారు ఆయనకు మజ్జిగ ఇచ్చారు. ఎత్తి పోశారు, ఆయన దోసిలి పట్టి తాగారు. అన్నయ్య ఒక్కడే రైలెక్కాడు. నేను మిగిలిపోయాను.

తర్వాత రెండేళ్లలో ఆయన చాలాసార్లు మా గుమ్మం అవతల నిలబడ్డారు. నాతో నేరుగా మాట్లాడేవారు, ఎవరూ కాదనలేదు. నా చేత స్విచ్చి విప్పించారు, తీగ అతికించడం నేర్పారు. "నీకు ఓపికుంది తల్లా, మిల్లులో నా కింద పెట్టుకునేవోణ్ణి" అనేవారు. నడుమ నడుమ దగ్గేవారు. దగ్గు వస్తే మాట ఆపి, పక్కకు తిరిగి, చొక్కా చేతిలో నోరు దాచుకునేవారు. మిల్లు దూదేమో అనుకున్నాను. ఒక్కోసారి నెలల తరబడి దగ్గే ఉండేది కాదు.

మొన్న కోటయ్య కబురు తెచ్చాక, రైలు గేటు అవతల వాళ్ల పల్లెకు వెళ్లొస్తానని అత్తగారితో చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ తలెత్తలేదు. "వచ్చాక నెత్తిన నీళ్లు పోసుకుని లోపలికి రా" అన్నారు. మా ఇంట్లో అంతకన్నా పెద్ద అనుమతి లేదు.

ఆ పల్లెకు కరెంటు లేదు. దేవసహాయంగారి ఇంటి చూరుకు ఒక లాంతరు వేలాడుతోంది. ఆయన భార్య మరియమ్మ నన్ను చూసి, గబగబా స్టూలు తెచ్చి బయటే, చూరు కింద వేసింది. లోపలికి రానని ఆమె అనుకుంది. వస్తానని నేను అనలేదు. గుమ్మం దగ్గరే కూచున్నాను. ఎన్నాళ్ల నుంచి దగ్గు అని అడిగాను.

"రెండేళ్లమ్మా. పొద్దున ఏముండదు, శుబ్బరంగా మిల్లుకి పొయ్యేవోడు. దీపాలేళకి ఒళ్లు కాలిపోయ్యేది. ఆసుపత్రి పొద్దున పూటే గదా. రెండు తడవలు పోయినాడు. ఆ పూట జొరం లేదు, దగ్గు లేదు. నీకేం లేదు పోవయ్యా అన్నారంట."

"మాపటికి వస్తోందని చెప్పలేదా?"

"అడగలేదంట. అడిగితే చెబుదామని అరుగు మీద కూచున్నాడంట."

నేను లేచేటప్పుడు మరియమ్మ లోపలికెళ్లి ఆ బల్బూ, రెండు తీగలూ తెచ్చింది. "ఇది ప్లీడరుగారి కోడలికియ్యి, ఆమెకి పని తెలుసు అన్నాడు" అంటూ నా చేతికివ్వకుండా గడప మీద పెట్టింది. నేను వంగి తీసుకున్నాను.

ఆ బల్బు పెట్టుకుని మర్నాడు పొయ్యి నేనే చూశాను. గిన్నె ఎప్పుడు పెడితే ఆగుతోంది, ఎటు జరిపితే వెలుగుతోంది అని నన్ను నేనే ప్రశ్నించుకుంటూ, మరమేకు దగ్గర తొడుగు లోపల తెగిన తీగ కనుక్కుని అతికించాను. ఇప్పుడు నిక్షేపంగా కాలుతోంది. అత్తగారు చూసి, "వాడు..." అని ఆగి, "ఆయన ఉంటే సంతోషించేవాడు" అన్నారు.

అంతటి సూక్ష్మగ్రాహి, అంతటి సహనమూర్తి మా పేటకు మళ్లీ దొరకరు. చట్రంలో దాగిన కరెంటును ప్రశ్నలతో బయటికి రప్పించిన ఆ మనిషికి, తన ఒంట్లో దాగినదాన్ని అడిగేవాళ్లు కరువయ్యారు. ఆసుపత్రివాళ్లను అనడం సుళువు. వాళ్లు ఆయన్ను రెండు పూటలే చూశారు. రెండు చలికాలాలు ఆయన మా గుమ్మం అవతల నిలబడి దగ్గారు. గుమ్మం ఇవతల నేనున్నాను, ఆయన దగ్గరే ప్రశ్నలు నేర్చుకున్నదాన్ని. ఆ దగ్గు ఎప్పుడొస్తోంది మేస్త్రిగారూ, ఎప్పుడు పోతోంది అని ఒక్కసారి అడగలేదు.